పాల్ బాయిమర్ మళ్ళీ తరగతి గదికి వచ్చిన రోజు

మొదటి ప్రపంచ యుద్ధానికి వెళ్ళిన జర్మన్ కుర్రాళ్ళ కథగా 1930లో వచ్చిన హాలీవుడ్ సినిమా 'ఆల్ క్వైట్ ఆన్ ది వెస్టర్న్ ఫ్రంట్' గురించి పాతతరం ప్రేక్షకులు తలుచుకుంటే రెండు దృశ్యాలు తప్పకుండా మాటల్లోకి వస్తాయి. ముళ్ళకంచెను పట్టుకుని వేలాడే రెండు చేతులు ఒకటి, చివర్లో సీతాకోకచిలుక కోసం చాచిన చెయ్యి ఇంకొకటి. రెండూ మరిచిపోలేనివే. కానీ ఆ సినిమాను నిలబెట్టింది యుద్ధరంగంలో లేని దృశ్యం. సెలవు మీద ఇంటికొచ్చిన కథానాయకుడు పాల్ తను చదువుకున్న తరగతి గదిలో అడుగుపెట్టే ఘట్టం అది. ఫిల్మ్ సొసైటీల కాలంలో సినిమా అయ్యాక జరిగే చర్చలు ఎక్కడ మొదలైనా అక్కడికే చేరేవి. ఇప్పుడు అదే కథతో 2022లో వచ్చిన జర్మన్ సినిమా చూసినవాళ్ళు రాస్తున్న అభిప్రాయాలు చదువుతుంటే ఆ చర్చలు మళ్ళీ గుర్తుకొస్తున్నాయి. పాత సినిమా ఎలా తయారైందో, ఎక్కడ ఎందుకు కోతపడిందో తెలిస్తే పాతదా కొత్తదా మేలన్న ఈ వాదనలో సగం తేలిపోతుంది.

మొదట ప్రింటు సంగతి. 1930లో విడుదలైనప్పుడు సినిమా నిడివి దాదాపు 152 నిమిషాలు. తర్వాత మళ్ళీ విడుదల చేసిన ప్రతిసారీ నిర్మాణ సంస్థ యూనివర్సల్ వాళ్ళు కొంత కోస్తూ పోయారు. 1934 తర్వాత హాలీవుడ్‌లో సెన్సారు నియమావళి గట్టిపడటంతో ఫ్రెంచి అమ్మాయిల దృశ్యాల లాంటివి కుదించుకుపోయాయి. 1939లో మళ్ళీ వేసినప్పుడు నాజీలకు వ్యతిరేకంగా వ్యాఖ్యానం తగిలించారు. ఇంకో విడుదలలో చివర సంగీతం అతికించారు. ఇప్పుడు మనకు దొరికే పునరుద్ధరించిన ప్రతి దాదాపు 133 నిమిషాలు. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ దొరికిన ముక్కలన్నీ కూర్చి చేసిన పని అది. ఎవరైనా ఈ సినిమా సాగతీతగా ఉందనో, కథ ఎగిరెగిరి పడుతోందనో అంటే, వాళ్ళు చూసింది ఏ నిడివి ప్రతో ముందు అడగాలి. సెలవు భాగం తగ్గించిన ప్రతిలో పాల్ గడువు ముగియకముందే యుద్ధరంగానికి ఎందుకు పరుగెత్తాడో అర్థం కాదు.

ఫిల్మ్ సొసైటీలు వాడిన సన్న ఫిల్ము, అంటే 16 ఎం.ఎం. ప్రింట్ల మీద చూసినవాళ్ళకు ఇంకో చిక్కు ఉండేది. 1,600 అడుగుల 16 ఎం.ఎం. రీలు దాదాపు 44 నిమిషాలు నడుస్తుంది. అంటే ఒకే ప్రొజెక్టరు ఉన్న చోట ఈ సినిమాకి మూడుసార్లు దీపాలు వెలిగేవి. రీలు మార్పు ఫిరంగి దాడి మధ్యలో పడితే ఆ ఉక్కిరిబిక్కిరి అంతా ఆవిరైపోయేది. ధ్వని సంగతి మరీ కష్టం. థియేటర్లలో వాడిన 35 ఎం.ఎం. ఫిల్ము నిమిషానికి 90 అడుగులు కదులుతుంది, 16 ఎం.ఎం. 36 అడుగులే. పక్కన అచ్చైన ధ్వనిరేఖ అంత నెమ్మదిగా జరిగితే పైస్థాయి శబ్దాలు పట్టవు. గుండ్లు మీదికి వచ్చేటప్పటి ఈల లాంటి చప్పుడు మొద్దుబారిపోయేది, మాటలు గొంతులో గుడ్డ కుక్కినట్టు వినిపించేవి. ఇందులో మాటలు అర్థం కావని చాలామందికి పడిపోయిన ముద్రకు కారణం ఆ ప్రింట్లు.

కథ ఎరిక్ మరియా రెమార్క్‌ది. 1928 నవంబరు, డిసెంబరుల్లో బెర్లిన్ పత్రిక 'ఫోసిషే త్సైటుంగ్'లో ధారావాహికగా వచ్చి, 1929 జనవరిలో పుస్తకమైంది. రెమార్క్ స్వయంగా 1917లో ఫ్లాండర్స్‌లో గాయపడిన సైనికుడు. నవల మొదలయ్యేది యుద్ధరంగం వెనక, వంటబండి దగ్గర. 150 మందికి వండారు, తిరిగొచ్చింది 80 మంది. మిగిలిన వాళ్ళ వాటా కూడా తమకే వస్తుందని కుర్రాళ్ళు సంబరపడుతుంటారు. బడి, మాస్టారు, సైన్యంలో చేరిక ఇవన్నీ తర్వాత జ్ఞాపకాలుగా వస్తాయి. సినిమా ఈ వరుసను సరిచేసి బడితో మొదలుపెట్టింది. నవల ప్రేమికుల్లో కొందరికి ఇది నచ్చదు. నాకు మాత్రం సినిమా వాళ్ళు చేసిందే సరైన పని అనిపిస్తుంది. వరుస మారడం వల్లే, చివర్లో అదే గదికి తిరిగి రావడానికి దారి ఏర్పడింది.

ఆ మొదటి తరగతి ఎలా తీశారో చూడండి. వీధిలో సైనికుల ఊరేగింపు, బ్యాండు, పూలు. కెమెరా వెనక్కి జరుగుతూ కిటికీలోంచి తరగతిలోకి వస్తుంది. బయటి బ్యాండు మోతలో మాస్టారు కాంటరెక్ మాటలు మునిగిపోతాయి. మనకు ఆయన ఆవేశం కనిపిస్తుంది తప్ప మాట వినిపించదు. ఊరేగింపు దూరమయ్యే కొద్దీ ఆయన గొంతు పైకి తేలుతుంది. వీధి ఉత్సాహం, బడి ఉపన్యాసం ఒకే ప్రవాహమని చెప్పడానికి ఒక్క సంభాషణ కూడా ఖర్చు పెట్టలేదు. తర్వాత ఒక్కో పిల్లాడి ముఖం దగ్గరగా, వాళ్ళ ఊహలు, చివరికి పుస్తకాలు గాల్లోకి ఎగరేసి కేకలు. మాటలొచ్చిన సినిమా పుట్టి మూడేళ్ళు కూడా కాని రోజుల్లో ధ్వనిని ఇలా వాడటం మామూలు విషయం కాదు. అప్పట్లో కెమెరా మోత మైకులో పడకుండా దాన్ని పెట్టెలో బిగించేవాళ్ళు, దాంతో కెమెరా కదలకుండా ఉండిపోయేది. దర్శకుడు లూయిస్ మైల్‌స్టోన్, ఛాయాగ్రాహకుడు ఆర్థర్ ఎడెసన్ యుద్ధ దృశ్యాలు చాలావరకు మూకీ పద్ధతిలోనే స్వేచ్ఛగా తీసి, శబ్దాలు తర్వాత చేర్చారు.

మైల్‌స్టోన్ పుట్టింది అప్పటి రష్యా సామ్రాజ్యంలోని కిషినెవ్‌లో. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికా సైన్యపు సమాచార దళమైన సిగ్నల్ కోర్‌లో ఫొటో విభాగంలో పనిచేశాడు. నిజమైన యుద్ధరంగం బొమ్మలో ఎలా ఉంటుందో ఆయనకు తెలుసు. 1929 నవంబరులో చిత్రీకరణ మొదలైంది, ఖర్చు పన్నెండు లక్షల డాలర్ల పైచిలుకు. అప్పుడే షేర్ మార్కెట్ కూలింది. ఆ సమయంలో, ఇరవై రెండేళ్ళు కూడా నిండని యూనివర్సల్ నిర్మాణ బాధ్యుడు కార్ల్ లెమ్లీ జూనియర్ అంత డబ్బు పెట్టి, పేరున్న తార ఒక్కరూ లేకుండా, ఓడిపోయిన శత్రుదేశపు సైనికుల కథ తీయించడం గొప్ప సాహసమనే చెప్పాలి.

కందకాలు కాలిఫోర్నియాలోని ఇర్విన్ రాంచ్‌లో తవ్వారు. అంతకు ముందు వేరే సంగీత చిత్రం కోసం యూనివర్సల్ చేయించిన పెద్ద క్రేన్ ఇక్కడ పనికొచ్చింది. దాడి ఘట్టంలో కెమెరా కందకం అంచున పక్కకు జరుగుతూ పోతుంటే, ఎదురుగా పరుగెత్తుకొచ్చే ఫ్రెంచి సైనికులు ఒకరి తర్వాత ఒకరు కూలిపోతారు. మెషిన్ గన్ ఎటు తిరిగితే మన చూపూ అటు తిరుగుతుంది. చంపుతున్న యంత్రం వైపు ప్రేక్షకుణ్ణి నిలబెట్టడం ఇందులోని అసలు ఎత్తుగడ. తర్వాత కందకంలో కత్తులు, పారలతో కొట్లాట, వెనక్కి తగ్గడం, తిరిగి ఎదురుదాడి, శత్రువుల కందకం దాకా వెళ్ళడం, మళ్ళీ వెనక్కి రమ్మని ఆజ్ఞ. ఇంతమంది చచ్చాక బయల్దేరిన చోటికే చేరతారు. ఎవరు గెలిచారో అర్థం కాలేదని ఈ ఘట్టం గురించి కొందరు ఫిర్యాదు చేస్తుంటారు. దాన్ని అలా అర్థం కాకుండానే కట్టారు.

కాలం గడిచిందని చెప్పే అక్షర పలకలు ఇందులో పెద్దగా ఉండవు. శిరస్త్రాణాలు గమనించాలి. మొదట్లో కొన మొలిచిన తోలు టోపీలు కనిపిస్తాయి, తర్వాత ఉక్కు టోపీలు. జర్మన్ సైన్యానికి ఉక్కు టోపీలు అందింది 1916 నుంచి. టోపీ మారిందంటే ఏళ్ళు గడిచాయని లెక్క.

బూట్ల సంగతి చెప్పకుండా ముందుకు పోలేం. పాల్ స్నేహితుల్లో ఒకడైన కెమ్మెరిక్ దగ్గర మెత్తని తోలుతో చేసిన మంచి బూట్లు ఉంటాయి. ఆసుపత్రిలో కాలు తీసేశాక అవి అతనికి పనికిరావు, ఇంకో స్నేహితుడు ముల్లర్ అడుగుతాడు. ఈ అడగటం చూసి ముల్లర్‌ను రాతిగుండె అనుకునే ప్రేక్షకులు ఎప్పుడూ ఉంటారు. ఆ కుర్రాడికి స్నేహితుడి మీద ప్రేమ తగ్గలేదు. యుద్ధరంగంలో చనిపోయేవాడి బూట్లు వార్డుబాయ్ ఎత్తుకుపోయే సామాను, అంతే. ఆ తర్వాత వరుసగా కాళ్ళే చూపిస్తారు. బూట్లు వేసుకున్న ముల్లర్ హుషారుగా నడుస్తాడు, పడిపోతాడు. అవే బూట్లు ఇంకొకడి కాళ్ళకు, వాడూ పడిపోతాడు. నిమిషం కూడా పట్టని ఈ కూర్పు ముందు తర్వాతి కాలపు యుద్ధ చిత్రాలు గుమ్మరించిన నెత్తురు చిన్నబోతుంది.

ఇక్కడ పశ్చిమ యూరప్ యుద్ధరంగం మనకు సంబంధం లేనిది కాదని ఒక్క మాట. 1914 అక్టోబరు నుంచే భారత పదాతి దళాలు బెల్జియంలోని ఈప్ర్ దగ్గర కందకాల్లో ఉన్నాయి. 1915 మార్చిలో ఫ్రాన్స్‌లోని నవ్ షపెల్ దగ్గర బ్రిటిష్ సైన్యం చేసిన దాడిలో ముందు నిలిచినవాళ్ళలో సగం మన సైనికులే. అక్కడి స్మారకం మీద సమాధి దొరకని 4,700 మందికి పైగా భారతీయుల పేర్లు చెక్కి ఉన్నాయి. ఈ సినిమాల్లో ఏ ఒక్కటీ వాళ్ళను చూపించదు.

ఇక అప్పటి ప్రేక్షకుల మాటలు. 1930 ఏప్రిల్‌లో లాస్ ఏంజెలెస్, న్యూయార్క్‌లలో విడుదలైనప్పుడు వచ్చిన ఆదరణ అసాధారణం. నానాజాతి సమితి ఈ సినిమా మూలప్రతిని కొని అన్ని భాషల్లోనూ అచ్చువేసి ప్రపంచమంతా చూపించాలని 'వెరైటీ' పత్రిక రాసింది. ఆ ఏడాది నవంబరులో ఉత్తమ చిత్రం, ఉత్తమ దర్శకుడు ఆస్కార్లు వచ్చాయి. బెర్లిన్‌లో కథ వేరు. డిసెంబరు 4న నోలెన్‌డోర్ఫ్ ప్లాట్స్‌లోని మోట్సార్ట్ హాలులో ప్రదర్శన మొదలైంది. మరుసటి రోజు నాజీ నాయకుడు గోబెల్స్ మనుషులు టికెట్లు కొనుక్కుని వచ్చి, ఆట మధ్యలో కంపు బాంబులు వేసి, తెల్ల ఎలుకలు వదిలారు. ఆట ఆగిపోయింది. వారం తిరక్కముందే, డిసెంబరు 11న, సెన్సారు పైబోర్డు సినిమాను నిషేధించింది. జర్మనీ పరువు పోతుందని కారణం చెప్పారు. మూడు నెలల ముందు, సెప్టెంబరు ఎన్నికల్లో నాజీలకు 107 స్థానాలు వచ్చాయి. ఆ బలం చూసి ప్రభుత్వం వంగింది.

నాజీల అభ్యంతరం ఏమిటో వివరంగా చూస్తే సినిమా ఎక్కడ గుచ్చుకుందో తెలుస్తుంది. రోజుల తరబడి గుండ్ల వాన కింద నేలమాళిగలో చిక్కుకున్న కుర్రాళ్ళు ఏడుస్తారు, అరుస్తారు, ఒకడు మతి తప్పి బయటికి పరుగెడతాడు. జర్మన్ సైనికుణ్ణి ఇలా పిరికివాడిగా చూపిస్తారా అన్నది కోపం. పుస్తకం అమ్ముడైనప్పుడే ఆ కోపం ఉంది, కానీ చదివే పిరికితనం వేరు, హాలంతా చెవుల్లో మోగే ఏడుపు వేరు. 1931లో కోతలతో తిరిగి అనుమతిచ్చారు. 1933లో పూర్తిగా ఆపేశారు, ఆ మే నెలలో రెమార్క్ పుస్తకాలు తగలబెట్టారు. 1943 డిసెంబరులో రెమార్క్ చెల్లెలు ఎల్‌ఫ్రీడేకు ఓటమి మాటలు మాట్లాడిందన్న నేరం మోపి తల తీశారు. పశ్చిమ జర్మనీలో ఈ సినిమా మళ్ళీ థియేటర్లకు వచ్చింది 1952లో.

ప్రేక్షకుల అభిప్రాయం సినిమానే మార్చిన సందర్భం కూడా ఉంది. పాల్ తల్లిగా మొదట నటించింది జాసూ పిట్స్. ఆమె మంచి నటి, కానీ జనం ఆమెను హాస్యపాత్రల్లో చూసి ఉన్నారు. ముందస్తు ప్రదర్శనలో ఆమె కనిపించగానే హాలు నవ్వింది. మంచంలో ఉన్న తల్లి, సెలవు మీద వచ్చిన కొడుకు మాట్లాడుకునే చోట నవ్వులు వస్తే ఆ భాగమంతా కూలిపోతుంది. అందుకే బెరిల్ మెర్సర్‌ను పెట్టి ఆ దృశ్యాలు మళ్ళీ తీశారు.

ఆ సెలవు భాగానికి వద్దాం. పాల్ గది గోడ మీద అద్దం పెట్టెలో చిన్నప్పుడు పట్టిన సీతాకోకచిలుకలు ఉంటాయి. చివరి దృశ్యం విత్తనం అక్కడ పడింది. ఆ పెట్టె చూడనివాళ్ళకు చివర్లో చాచిన చెయ్యి కవితాత్మకమైన అలంకారంలా అనిపిస్తుంది, చూసినవాళ్ళకు మాత్రం పాల్ ఏ వయసుకు వెనక్కి పోబోయాడో తెలుస్తుంది. తర్వాత బీరు దుకాణంలో తండ్రి స్నేహితులు పటం పరిచి, పారిస్ దాకా ఎటునుంచి తోసుకుపోవాలో పాల్‌కే పాఠం చెబుతారు. అక్కడ పాల్ నోరు మెదపలేడు. బడి దగ్గరికి వచ్చేసరికి కాంటరెక్ ఇంకా అదే ఉపన్యాసం ఇస్తున్నాడు, ఎదుట ఇంకా చిన్నపిల్లలు. ఏదైనా వీరగాథ చెప్పమని మాస్టారు బతిమాలతాడు. మేం కందకాల్లో బతుకుతాం, చావకుండా ఉండటానికి చూస్తాం, ఒక్కోసారి చస్తాం, అంతే అంటాడు పాల్. పిల్లలు అతన్ని పిరికివాడంటారు. పాల్ తొందరగా తిరిగి వెళ్ళిపోతాడు, ఎందుకంటే అబద్ధం లేని చోటు ఇప్పుడు అతనికి కందకం ఒక్కటే.

ఈ రెండో తరగతి దృశ్యం నవలలో లేదు. రాసింది సినిమావాళ్ళు. 2022 చిత్రం రెమార్క్ రాసిన దాన్ని తీసేసిందని మండిపడేవాళ్ళు ఈ ఒక్క విషయంలో పొరబడుతున్నారు. సీతాకోకచిలుక ముగింపు కూడా నవలలోది కాదు. నవలలో పాల్ 1918 అక్టోబరులో, చెప్పుకోదగ్గదేదీ జరగలేదని సైన్యం నివేదిక పంపిన రోజున పోతాడు, అంతే. సినిమాలో తుపాకీ ముందుకు చాచిన ఆ చెయ్యి పాల్‌గా నటించిన లూ ఎయిర్స్‌ది కాదు, మైల్‌స్టోన్ స్వయంగా తన చెయ్యే పెట్టాడు.

ఎయిర్స్ నటన నాటకంలా ఉందన్న మాట ఎప్పుడూ వినిపిస్తుంది. కొంతవరకు నిజమే, ముఖ్యంగా గుండు పడిన గుంతలో తను పొడిచి చంపిన ఫ్రెంచి సైనికుడి శవంతో మాట్లాడే చోట. కారణాలు ఉన్నాయి. మైకు అందినంత మేర నిలబడి స్పష్టంగా పలకాలి. సంభాషణలు నేర్పింది రంగస్థలం నుంచి వచ్చిన జార్జ్ క్యూకర్. ఎయిర్స్‌కు అప్పుడు ఇరవై, ఇరవై ఒకటి. కానీ ఆ గుంతలో శవంగా ఉన్న నటుణ్ణి గమనించండి. మూకీల కాలంలో పేరున్న హాస్యనటుడు రేమండ్ గ్రిఫిత్, గొంతు దెబ్బతిని గుసగుసగా తప్ప మాట్లాడలేడు. మాటల సినిమాలో అతనికి చోటు లేకపోయింది. మాట అక్కరలేని ఈ పాత్రలో కళ్ళతో ఆయన చేసింది ఎయిర్స్ మాటలన్నిటికీ జవాబు. ఇక ఆ కుర్రాళ్ళకు అండగా ఉండే పాత సైనికుడు కాట్‌గా లూయిస్ వోల్‌హైమ్ గురించి ఏ తరం ప్రేక్షకులకూ భేదాభిప్రాయం లేదు. ఆకలితో ఉన్న కుర్రాళ్ళకు తిండి ఎక్కణ్ణుంచైనా తెచ్చిపెట్టే మొరటు తండ్రి ఆయన.

ఎయిర్స్ రెండో ప్రపంచ యుద్ధంలో ఆయుధం పట్టనని ప్రకటించాడు. అమెరికాలో కొన్ని థియేటర్లు ఆయన సినిమాలు ఆపేశాయి. ఆయన వైద్య దళంలో చేరి పసిఫిక్ రంగంలో పనిచేశాడు. పాత్ర మనిషిని ఇంత మార్చిన ఉదాహరణలు సినిమా చరిత్రలో తక్కువ.

1979 టీవీ చిత్రం గురించి పొడుగ్గా చెప్పేదేమీ లేదు. కాట్‌గా ఎర్నెస్ట్ బోర్గ్‌నైన్ చాలా బాగుంటాడు. పాల్ ఈసారి పిట్ట బొమ్మ గీస్తుండగా చనిపోతాడు.

2022 చిత్రం, ఎడ్వర్డ్ బెర్గర్ దర్శకత్వం, నవల పుట్టిన భాషలో వచ్చిన మొదటి పెద్ద సినిమా. నాలుగు ఆస్కార్లు వచ్చాయి: అంతర్జాతీయ చిత్రం, ఛాయాగ్రహణం, సంగీతం, కళా దర్శకత్వం. మొదటి పది నిమిషాలు అద్భుతం. చనిపోయిన కుర్రాడి యూనిఫాం విప్పి, నెత్తురు కడిగి, కుట్టుమిషన్ల కింద చిరుగులు కుట్టి, కొత్తగా చేరిన పాల్‌కు ఇస్తారు. మెడ దగ్గర వేరేవాడి పేరు చీటీ చూసి ఇది నాది కాదంటాడు పాల్. పాత సినిమాలో బూట్లు చేసిన పని ఇక్కడ యూనిఫాం చేసింది, అంతే బలంగా చేసింది. సంగీత దర్శకుడు ఫోల్కర్ బెర్టెల్‌మాన్ పాత హార్మోనియం మీద వాయించిన మూడు స్వరాలు కొందరికి తలనొప్పి. నాకు అవి ఆ కుట్టుమిషన్ల మోతకు కొనసాగింపుగా వినిపించాయి.

కానీ సెలవు లేదు, తల్లి లేదు, బీరు దుకాణం లేదు, తిరిగి బడికి రావడం లేదు. పోస్ట్‌మాన్ ఉద్యోగం నుంచి కార్పొరల్ అయి కుర్రాళ్ళను బురదలో పొర్లించే హిమ్మెల్‌స్టాస్ కూడా లేడు. ఆ జాగాలో రైలు పెట్టెలో సంధి చర్చలు, అక్కడి జర్మనీ ప్రతినిధి ఎర్ట్స్‌బెర్గర్‌గా డేనియల్ బ్రూల్ వచ్చారు. పాల్ భ్రమ పోయిందని ముఖం మీది బురదలో తెలుస్తుంది, కానీ ఆ భ్రమ నూరిపోసినవాళ్ళ ముందు అతను ఒక్కసారి కూడా నిలబడడు. చాలామంది ప్రేక్షకులు ఏదో తక్కువైందని అంటూ అదేమిటో చెప్పలేకపోవడం ఇక్కడే.

చివరి దాడి మీద చరిత్ర చదివినవాళ్ళ అభ్యంతరం కూడా న్యాయమైనదే. సంధి పత్రం మీద 1918 నవంబరు 11 తెల్లవారుజామున 5 గంటలు దాటాక సంతకాలయ్యాయి, 11 గంటలకు అమల్లోకి వచ్చింది. ఆ ఆరు గంటల్లో దాడులు ఆపనిది ఎక్కువగా మిత్రపక్షాల సేనానులు. అమెరికా సైనికుడు హెన్రీ గుంతర్ 10 గంటల 59 నిమిషాలకు చనిపోయాడు. సినిమాలో పౌరుషం కోసం ఆఖరి నిమిషంలో దాడికి పంపే జర్మన్ జనరల్ కల్పిత పాత్ర. దృశ్యంగా బలమైనది, కానీ ఆ రోజు నిజంగా జరిగినదాన్ని తలకిందులు చేసింది.

రెండూ చూడాలనుకుంటే 1930 సినిమా ముందు చూడండి. 133 నిమిషాల పునరుద్ధరించిన ప్రతి ఎంచుకోండి. చివర్లో సైనికులు సమాధుల మీదుగా నడుస్తూ వెనక్కి తిరిగి చూసేటప్పుడు సంగీతం వినిపిస్తే అది పాత పునర్విడుదల ప్రతి అని గుర్తు, వదిలేయండి. చెవి ఫోన్లు పెట్టుకోండి, మొదటి తరగతిలో బ్యాండు తగ్గుతూ మాస్టారి గొంతు పెరగడం ఫోన్ స్పీకర్‌లో తెలియదు. 2022 సినిమాను జర్మన్ మాటలతో, సబ్‌టైటిల్స్‌తో చూడండి. ఇంగ్లీషు డబ్బింగులో సంధి చర్చల అసలు రుచి పోతుంది, ఎందుకంటే అక్కడ జర్మన్‌వాళ్ళు ఒక భాష, ఫ్రెంచివాళ్ళు ఇంకో భాష మాట్లాడుతూ ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటారు. ఓపిక ఉంటే 1930 నాటి మూకీ రూపం కూడా వెతకండి. విదేశాల కోసం సంగీతంతో, అక్షర పలకలతో విడిగా చేశారు. మాటలు లేకపోవడం వల్ల అందులో కుర్రాళ్ళ నటన ఇంకా సహజంగా కనిపిస్తుందనేవాళ్ళు ఉన్నారు, వాళ్ళతో చాలావరకు ఏకీభవిస్తాను, ఒక్క రెండో తరగతి దృశ్యం విషయంలో తప్ప. అక్కడ పాల్ గొంతు వినాల్సిందే.